అన్నీ యూటీసీ చేస్తే సరిపోదండి

సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) ఐసీఎస్‌గా (క్యాలెండర్ యాప్‌లు చదివే ఫైలు) మార్చేటప్పుడు టైములన్నీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చేస్తే గొడవ ఉండదని మీ పోస్టులో రాశారు, ఒక్కసారి జరిగే మీటింగ్‌కి ఓకే గానీ ప్రతివారం వచ్చేవాటికి అది కుదరదండి. ఇక్కడ విజయవాడలో మాకు డాలస్ వాళ్లతో కాల్ వేసవిలో ఉదయం 7కి ఉంటుంది, నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పాక 8కి మారుతుంది, వాళ్లకి మాత్రం ఎప్పుడూ రాత్రి 8:30నే. టైము చివర యూటీసీ అని తెలిపే జెడ్ అక్షరం పెట్టి రాసేస్తే మన క్యాలెండర్ చలికాలమంతా 7కే మోగుతుంది (నిద్ర దండగ!), అందుకే టీజెడ్‌ఐడీలో (ఐసీఎస్‌లో టైమ్‌జోన్ పేరు రాసే చోట) డాలస్‌కి వర్తించే టైమ్‌జోన్ పేరు అమెరికా/షికాగో అనే ఉంచాలి. పుట్టినరోజుల్లాంటి వాటికైతే అసలు టైమే వద్దు, తేదీ ఒక్కటే ఇవ్వండి. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30 కదా, అలా మార్చి పంపిస్తే అక్కడున్న మనవళ్లకి అమ్మమ్మ పుట్టినరోజు ముందురోజు మధ్యాహ్నమే మొదలైపోతుంది.