సవరణ: 8.7 కోట్ల మంది ‘సమ్మతి’ గురించి

డిజిటల్ గోప్యతకూ ప్రజాస్వామ్యానికీ ఉన్న సంబంధంపై ఇంతకుముందు రాసినప్పుడు, ఎన్నికల ప్రచారం కోసం ఫేస్‌బుక్ వినియోగదారుల సమాచారాన్ని వాడుకున్న బ్రిటిష్ రాజకీయ సలహా సంస్థ కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారంలో 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ వినియోగదారులు ఒక వ్యక్తిత్వ పరీక్ష యాప్‌కు తమ వివరాలను తామే అప్పగించారని పేర్కొన్నాను. అది తప్పు. ఆ యాప్‌ను వాడినవారు సుమారు 2,70,000 మంది మాత్రమే. మిగిలినవారి సమాచారం, వారు ఆ వాడినవారి స్నేహితుల జాబితాల్లో ఉన్నందువల్లే బయటికి పోయింది. పైగా 8.7 కోట్లు అన్నది 2018లో ఫేస్‌బుక్ ప్రకటించిన గరిష్ఠ అంచనా.

అంకె మారితే సరిపోదు, ఎందుకంటే ‘జాగ్రత్తపడినవారికి ముప్పు లేదు’ అన్న నా వాదన ఆ అంకె మీదే నిలబడింది, దాన్నీ ఉపసంహరించుకుంటున్నాను. ఇతరులు వెల్లడించిన వివరాల నుంచి నేర్చుకున్న కృత్రిమ మేధ, ఏమీ చెప్పని మనిషి రాజకీయ మొగ్గును కూడా అతని పరిచయాలు, అలవాట్ల ఆధారంగా ఊహించగలదు. ఆ ఊహ తప్పయినా సరే, ఎవరికి ఏ ప్రచారం చూపాలో దానిని బట్టే నిర్ణయించవచ్చు. రహస్య ఓటింగ్ మనం వేసిన ఓటును దాచుతుంది కానీ, ఓటు వేయకముందే మన గురించి కట్టిన అంచనాను దాచలేదు. ఒక్కొక్కరికి విడిగా చూపిన ప్రచారం ప్రత్యర్థుల కంటపడదు కనుక, దానికి బహిరంగంగా జవాబు చెప్పే అవకాశమూ వారికి ఉండదు. నా మొదటి వ్యాసంలో నేను పూర్తిగా విస్మరించిన అంశం ఇదే.

కేంబ్రిడ్జ్ అనలిటికా ప్రచారమే 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని మార్చిందన్న వాక్యాన్ని కూడా తొలగించాను. అది రుజువైన విషయం కాదు.