వేల్స్ ఉజ్జీవం: ఫోన్లలో తిరిగే కథ, జరిగిన సంగతి

ఉజ్జీవ కూటాల సీజన్ వచ్చిందంటే మన సంఘాల గ్రూపుల్లో ఈ సందేశం తిరగడం మొదలవుతుంది: "1904లో వేల్స్‌లో ఇవాన్ రాబర్ట్స్ అనే బొగ్గుగని కుర్రాడు ఒక్కడే మోకరించాడు, దేశం రాత్రికి రాత్రి మారిపోయింది. దేవుణ్ణి ఎరగని లక్షమంది క్రైస్తవులయ్యారు. సారా దుకాణాలు మూతపడ్డాయి. కేసులు లేక జడ్జీలకు తెల్ల చేతితొడుగులు ఇచ్చారు. రెండేళ్లకే అంతా చల్లారిపోయింది."

బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో ఉజ్జీవం జరిగిన మాట నిజం. కాబట్టే దాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.

"ఒక్కడే, రాత్రికి రాత్రి." కాదు. 1903 ఆగస్టులోనే లాండ్రిండాడ్ వెల్స్‌లో పరిశుద్ధ జీవితం మీద మహాసభ జరిగింది. 1904 ఫిబ్రవరిలో న్యూకీ అనే సముద్రతీర పట్టణంలో, జోసెఫ్ జెంకిన్స్ కాపరిగా ఉన్న సంఘంలో, ఫ్లోరీ ఇవాన్స్ అనే యువతి లేచి యేసును హృదయమంతటితో ప్రేమిస్తున్నానని సాక్ష్యం చెప్పింది. అక్కడి యువజనుల్లో మంట అప్పుడే అంటుకుంది. సెప్టెంబరు 29న బ్లైనన్నర్ఖ్‌ అనే ఊళ్లో సువార్తికుడు సేత్ జాషువా "మమ్మల్ని వంచు ప్రభువా" అని ప్రార్థించిన కూటానికి రాబర్ట్స్ వచ్చింది వినేవాడిగానే. అప్పటికి అతను గనిలో లేడు. గని వదిలి, కమ్మరి పని నేర్చుకుంటూ అదీ మధ్యలో ఆపి, సేవకు సిద్ధపడటానికి న్యూకాజిల్ ఎమ్లిన్‌లో చదువుకుంటున్నాడు. వయసు 26.

అక్టోబరు 31న సొంత ఊరు లఖర్‌కు వచ్చి, మోరియా చాపెల్‌లో ప్రార్థన కూటం అయ్యాక యువకులను ఉండమన్నాడు. ఉన్నది 17 మంది. వాళ్లకు చెప్పినవి నాలుగు: తెలిసిన పాపం ఒప్పుకో, సందేహమున్నది వదిలెయ్, ఆత్మ చెప్పిన వెంటనే లోబడు, క్రీస్తును అందరి ముందు ఒప్పుకో. ఆ నవంబరులోనే, ఉత్తరాన రోస్ గని గ్రామంలో ఆర్.బి. జోన్స్ బోధతో అలాంటి కదలికే వచ్చింది. రాబర్ట్స్ ఉత్తర వేల్స్‌లో ఆంగ్లసీ దీవికి సేవకు వెళ్లింది 1905 జూన్‌లో. అంతకు ముందే రోస్‌లో జరిగినదాన్ని అతని ఖాతాలో ఎలా రాస్తాం?

"దేవుణ్ణి ఎరగని లక్షమంది." అన్నిటికంటే ఎక్కువ దారి తప్పించేది ఈ మాట. అప్పటి వేల్స్ జనాభా సుమారు 20 లక్షలు. ఆ కాలపు రాయల్ కమిషన్ (ప్రభుత్వ విచారణ సంఘం) లెక్కలో, ఆంగ్లికన్ సంఘం కాక మిగతా సంఘాల ప్రార్థనా మందిరాల్లోనే, అంటే చాపెళ్లలోనే, దాదాపు 5.5 లక్షల మంది ప్రభువు బల్లలో పాలుపొందే సభ్యులున్నారు. ఇక సభ్యత్వం లేకుండా ఆదివారం ఆదివారం వచ్చి కూర్చునేవాళ్లు వేరే. వెల్ష్‌లో వాళ్లను "గ్వ్రాండవ్వర్" అంటారు, అంటే వినేవాళ్లు. సండే స్కూల్లో వాక్యం కంఠతా పట్టి, కీర్తనలు నాలుగు స్వరాల్లో పాడుతూ పెరిగినవాళ్లు వీళ్లు. మారుమనస్సు పొందినవారిలో ఇలాంటివాళ్లు చాలామంది.

లెక్క ఎలా పుట్టిందో కూడా చూడాలి. కూటంలో సభ్యులను లేవమంటారు. తర్వాత మిగిలినవారిలో ఒప్పుకునేవారు లేస్తారు. వాళ్ల పేర్లు పైకి చెబుతారు. ఆ సంఖ్యలు 'వెస్టర్న్ మెయిల్' లాంటి పత్రికలకు చేరి, ఊరివారీగా అచ్చయ్యేవి. రెండు చాపెళ్లలో లేచిన మనిషి రెండుసార్లు లెక్కలో పడవచ్చు. చాపెల్ పుస్తకం తీరు వేరు: పేరు ఇచ్చినవాళ్లతో పెద్దలు మాట్లాడాలి, "సెయత్" అనే వారపు కూటంలో వాళ్లు తమ అనుభవం చెప్పాలి, ఆ తర్వాతే ప్రభువు బల్ల దగ్గర కుడిచేయి ఇచ్చి చేర్చుకుంటారు. మనం మాత్రం "లక్ష" అనగానే, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ దగ్గర బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలాంటి లెక్క అనుకుంటాం. రాబర్ట్స్ పెరిగిన కాల్వినిస్టిక్ మెథడిస్టు సంఘంలో బాప్తిస్మం పసితనంలోనే అయిపోతుంది. కాబట్టి ఆ లక్ష బాప్తిస్మాల లెక్క కాదు.

"సారా దుకాణాలు, తెల్ల చేతితొడుగులు." దక్షిణ వేల్స్‌లోని గ్లమోర్గన్‌లో తాగుడు కేసుల్లో శిక్షలు తగ్గాయి, అది నిజమే. ఆదివారం మద్యం దుకాణాలు మూయించింది మాత్రం 1881 చట్టం. విచారించడానికి నేరమే లేకపోతే జడ్జికి తెల్ల చేతితొడుగులు ఇవ్వడం పాత ఆచారం. "తెల్ల చేతితొడుగుల దేశం" అని వేల్స్‌కు 19వ శతాబ్దంలోనే పేరుంది.

"చల్లారిపోయింది." రాబర్ట్స్ 1906లో అలసి కుప్పకూలి, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక కుటుంబం దగ్గర ఉండిపోయాడు. చాపెళ్ల సభ్యత్వమూ ఆ తర్వాత కొన్నేళ్లకు తగ్గుముఖం పట్టింది. కానీ 1904 నవంబరులో మాయ్‌స్టెగ్ ప్రాంతంలో రక్షణ పొందిన జెఫ్రీస్ సోదరులు తర్వాత బ్రిటన్ అంతా తిరిగి బోధించారు. వారిలో జార్జ్ 1915లో ఎలిమ్ పెంతెకొస్తు ఉద్యమాన్ని ప్రారంభించాడు. మన దేశానికి వస్తే, 1841 నుంచి వెల్ష్ మిషనరీలు పనిచేస్తున్న ఖాసీ కొండల్లో 1905లో ఉజ్జీవం వచ్చింది. మరుసటి ఏడాది మైరాంగ్ మహాసభకు మిజో విశ్వాసులు కొండలు దాటి వచ్చి, ఆ వేడిని తమ ఊళ్లకు మోసుకుపోయారు.