రచ్చబండను అడిగి జరపండి

మా పత్రిక డెస్కులో రోజూ సాయంత్రం ఒక చిన్న పని తప్పదు. ఒడిశాలోని గుణుపురం నుంచో కాశీనగరం నుంచో వార్త వస్తుంది. అందులో ఊరి పేరు పంపినవారు తెలుగులో చెబుతారు, ప్రభుత్వ కాగితం ఒడియాలో ఉంటుంది. రెండూ ఒక పట్టాన కలవవు. వంశధారనే తీసుకోండి. మనకు వంశధార, ఒడియావారికి బంశధారా. వాళ్ల నాలుక మీద వకారం బకారమవుతుంది. పెద్ద నది కాబట్టి పొరపాటు పడం. చిన్న ఊళ్ల దగ్గర మాత్రం రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసుకోకపోతే మర్నాడు పొద్దున్నే ఫోన్లు మోగుతాయి. చాలాకాలంగా ఇందుకు మాకు ఆసరా తెలుగు వికీపీడియా. పేజీ తెరిస్తే ఎడమ పక్కన ఇతర భాషల పేర్లు వరుసగా కనబడేవి. మనం తరచూ వెళ్లే భాష ఆ వరుసలోనే ఉండేది. దాని మీద నొక్కితే అదే విషయం ఒడియాలో తెరుచుకునేది.

ఇప్పుడా వరుస లేదు. పేజీ శీర్షికకు కుడివైపున ‘ఇన్ని భాషలు’ అని అంకెతో ఒక మీట ఉంది. దాన్ని నొక్కితే జాబితా విచ్చుకుంటుంది, అందులో ఒడియాను పట్టుకుని మళ్లీ నొక్కాలి. ఒక క్లిక్కు రెండు క్లిక్కులైంది, దీనికి సంపాదకీయం రాయాలా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టం. మా సబ్ ఎడిటర్లకు అది నిజంగానే రెండు క్లిక్కుల గొడవ. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే పిల్లలు ఈ జిల్లాల నిండా ఉన్నారు. తెలుగు పేజీ పక్కన ఒడియా అక్షరాలు కంటపడినప్పుడే, తమ ఊరి సంగతి ఆ భాషలోనూ ఎవరో రాసిపెట్టారని అలాంటి పిల్లలకు తెలిసేది. మూతపెట్టిన డబ్బాలో ఏముందో మూత తీసేవాడికే తెలుస్తుంది.

ఈ మార్పు తెలుగు వికీలో పుట్టింది కాదు. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్, 2010 నాటి వెక్టర్ రూపును పక్కనపెట్టి ‘వెక్టర్ 2022’ అనే కొత్త రూపును తయారుచేసింది. కొన్ని వికీలలో ముందుగా పరీక్షించి, 2023 జనవరి 18న ఇంగ్లిష్ వికీపీడియాకు తొడిగింది. తెలుగు వికీ కూడా ఇప్పుడు ఆ బట్టల్లోనే ఉంది. విషయసూచిక పక్కకు వచ్చి మనతోపాటే కిందికి దిగుతుంది. వ్యాసం వెడల్పు తగ్గి రెండు పక్కలా ఖాళీ మిగిలింది.

ఫౌండేషన్ వాదనలో పస లేదని మేము అనం. పరీక్షించిన వికీలలో వెతుకులాట 30 శాతం పెరిగిందని, పేజీని పైకీ కిందికీ లాగడం 15 శాతం తగ్గిందని వాళ్లు లెక్కలు చూపారు. పాత రూపు నిజంగానే పాతబడింది. పైగా రాసేవాళ్లకు అలవాటైందే ముద్దు. చదివిపోయేవాళ్లు లక్షల్లో ఉంటారు గానీ నోరు విప్పరు, వాళ్ల తరఫున ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. ఇంతవరకూ బాగానే ఉంది. మా పేచీ కొత్త బట్టలతో కాదు, కొలతలు తీసిన తీరుతో.

ఇది మొదటిసారి కూడా కాదు. 2013 జులైలో ఇంగ్లిష్ వికీకి విజువల్ ఎడిటర్ అనే కొత్త దిద్దుబాటు పరికరాన్ని అందరికీ తెరిచారు. లోపాల మీద గోల పెరిగి, సెప్టెంబరులో, రాసేవాళ్లే ఎన్నుకున్న అక్కడి నిర్వాహకుడొకరు దాన్ని కోరుకున్నవారికే పరిమితం చేసేశారు. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో జర్మన్ వికీపీడియా వంతు. బొమ్మలు చూపించే కొత్త పద్ధతిని అక్కడి నిర్వాహకులు ఆపేస్తే, ఫౌండేషన్, ఆ నిర్వాహకుల తాళంచెవి పట్టని కొత్త తాళాన్ని చేయించి మరీ వేసింది. దాని పేరు సూపర్ ప్రొటెక్ట్. జీతం బత్తెం లేకుండా ఏళ్ల తరబడి ఇల్లు ఊడ్చినవాళ్లను గుమ్మం బయట నిలబెట్టడమే అది. దాన్ని తీసేయడానికి 2015 నవంబరు దాకా పట్టింది. ఆ తాళం వేసిన రోజున పోయిన నమ్మకం మాత్రం తాళం తీసిన రోజున తిరిగి రాలేదు. అందుకే ఆ తర్వాత ఏ మార్పు వచ్చినా, మంచిదైనా సరే, ముందు అనుమానమే ఎదురొస్తోంది.

వెక్టర్ 2022 విషయంలో ఇంగ్లిష్ వికీ వాళ్లు పెద్ద పంచాయితీ పెట్టారు. వెనక్కి తీసుకోవాలన్నవారే ఎక్కువమంది, అయినా ఏకాభిప్రాయం కుదరలేదని తేల్చారు. అయితే వాళ్ల గోల పూర్తిగా వృథా పోలేదు. వ్యాసం వెడల్పు పెంచుకునే మీటను లాగిన్ కాని పాఠకుడు నొక్కితే, మొదట్లో తర్వాతి పేజీకి వెళ్లేసరికి అది మరిచిపోయేది. గొడవ అయ్యాక గుర్తుపెట్టుకోవడం నేర్పారు. వందలమంది అరిస్తే ఒక మీట బాగుపడింది. స్వాహిలీ వికీపీడియాలోనూ అడిగారు. అక్కడ మాట్లాడినవాళ్లంతా ఒక్కమాటగా వద్దన్నారు. కానీ వాళ్లు కొద్దిమంది.

అసలు సంగతి ఈ ‘కొద్దిమంది’ దగ్గరే ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఒడియా వికీ అంతకంటే ముందే, 2002 జూన్‌లో పుట్టింది (ఈ ముక్క మనవాళ్లకు చెబితే ఓ పట్టాన నమ్మరు). రెండింటిలోనూ రోజూ కూర్చుని రాసేవారు కొద్దిమందే. వాళ్లలో మూసలు (పేజీల్లో పదేపదే వాడే అచ్చులు), సమాచారపెట్టెలు (వ్యాసం పక్కన ఉండే వివరాల పట్టికలు), గాడ్జెట్లు (పేజీకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) చేయడం తెలిసినవాళ్లు మరీ తక్కువ. పేజీ వెడల్పు తగ్గితే ఆరు నిలువు వరుసల జనాభా పట్టిక ఇరుకున పడుతుంది. ఎడమ పట్టీని నమ్ముకుని ఎప్పుడో రాసుకున్న గాడ్జెట్ పనిచేయదు. ఇంగ్లిష్ వికీలో అయితే అలాంటివి సరిచేయడానికి పదిమంది దొరుకుతారు. ఇక్కడ ఆ ఒక్కరే వ్యాసాలు రాయాలి, ఆ ఒక్కరే అక్షరదోషాలు దిద్దాలి, ఆ ఒక్కరే రాత్రి పదిగంటలకు లాప్‌టాప్ ముందు కూర్చుని పట్టిక ఎందుకు పక్కకు ఒరిగిందో వెతకాలి. ఆ టెన్షన్‌లో గడిచిన వారం రోజుల్లో రాయగడ జిల్లా ఊళ్ల మీద రావలసిన వ్యాసాలు రావు. అవి రాలేదన్న సంగతి ఏ లెక్కలోనూ కనబడదు. వెతుకులాట పెరిగిందని కొలిచారు సరే, రాయకుండా మిగిలిపోయినవాటిని కొలవడం ఎలా?

పర్లాకిమిడి రాజావారి బడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారిని ఇక్కడ తలచుకోకుండా ఉండలేం. వాడుక భాష కోసం పండితులతో పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు. సవరలనే కొండజాతివారి విషయంలో ఆయన చేసింది ఇంకా గొప్పది. ఆ కొండల్లో పిల్లలకు చదువు చెప్పాలనుకుని నేరుగా పుస్తకాలు అచ్చేయించి పంపలేదు. ముందు సవర తెలిసినవారి దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాచకాలు, వ్యాకరణం. ఆయన సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో గానీ అచ్చు కాలేదు. ముప్పై ఏళ్లకు పైబడిన పని అది. వెబ్‌సైటు రూపు మార్చడానికి అన్నేళ్లు ఆగమని ఎవరూ అడగరు. వాడేవారి పక్కన కొన్నాళ్లు కూర్చోమనే అడుగుతారు.

తెలుగు వికీలో అందరూ చేరి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు. ఎవరు పెట్టారో గానీ బాగా పెట్టారు. ఏదైనా మార్పు రాబోతుంటే ఆ రచ్చబండ మీద నెలల ముందే, తెలుగులో, పేజీ ఎలా మారుతుందో బొమ్మతో సహా చెప్పాలి. ఇంగ్లిష్‌లో ప్రకటన అంటించి, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడం కుదరదు. రచ్చబండ దగ్గర పదిమంది మౌనంగా ఉన్నారంటే సమ్మతించారనేనా? ఆ రోజు చేలో పని ఉండి ఉండొచ్చు. మార్చినవాళ్ల తరఫున ఒకరు, విరిగిన మూసలన్నీ సర్దుకునేదాకా ఇక్కడే ఉండాలి. ఇక భాషల వరుస పక్కన కనబడాలా, మీట వెనక దాక్కోవాలా అన్నది ఏ వికీకి ఆ వికీ తేల్చుకునే వీలివ్వాలి. లాగిన్ అయినవాళ్లు ‘అభిరుచులు’లోకి వెళ్లి పాత రూపు తెచ్చుకోవచ్చని చెబుతున్నారు. నిజమే, వచ్చు. కానీ బడిలో కంప్యూటరు ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లకు ఖాతా ఎక్కడిది?

ఇంత చెప్పాక మన సంగతీ చెప్పుకోవాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారిలో తెలుగు వికీ చదివేవాళ్లు చాలామంది తగులుతారు, రచ్చబండ ఎక్కినవాళ్లు మాత్రం మాకు అరుదుగానే ఎదురయ్యారు. రెండు భాషల మధ్య దారి మనకు కావలసినంతగా హైదరాబాదువారికి అక్కరలేదు, కాబట్టి వాళ్లు మన కోసం అడుగుతారని కూర్చోలేం. మా పత్రికే ఇన్నేళ్లూ ఆ పేజీలు వాడుకుంది గానీ ఒక్క దిద్దుబాటు చేసిన పాపాన పోలేదు. డెస్కులో అడిగితే ఒక్కరికీ ఖాతా లేదని తేలింది.

నిన్న నలుగురం తెరిచాం. రెండు నిమిషాలు పట్టింది, ఫోను నంబరు కూడా అడగలేదు. భాషల వరుసను తిరిగి పక్కకు తెచ్చే విషయమై ఈ వారం రచ్చబండలో విన్నపం పెడుతున్నాం. దాని కింద ఇంకా చాలా చోటుంది.