సికిల్ సెల్, కళ్లు: ఆ మెసేజ్‌ని నమ్మకండి

"సికిల్ సెల్ వాళ్ల కళ్లు పచ్చబడితే అవి కామెర్లే, పసరు పోయిస్తే తగ్గుతాయి. చూపు బాగుంటే కంటి డాక్టరుతో పనిలేదు. ట్రెయిట్ వాళ్లకి అసలే భయం లేదు." వాట్సాప్‌లో చేతులు మారుతున్న మెసేజ్ ఇది. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే జబ్బు. ట్రెయిట్ అంటే దాని జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి నుంచే వచ్చి, జబ్బు లేకుండా ఉండటం. పాడేరు, ఉట్నూరు వైపు ఈ జబ్బుతో పెరుగుతున్న పిల్లలున్నారు, వాళ్ల అమ్మానాన్నలు దీన్ని నమ్మేస్తారేమోనని నా టెన్షన్.

పచ్చదనం సంగతి ముందు. మామూలుగా 120 రోజులు బతకాల్సిన ఎర్రకణాలు ఈ జబ్బులో రెండు మూడు వారాలకే పగిలిపోతుంటాయి, అప్పుడు రక్తంలో పెరిగే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వల్ల తెల్లగుడ్డు పచ్చగా కనిపిస్తుంది. పసరు దాన్ని ఆపలేదు. కంట్లో పోస్తే నల్లగుడ్డు మీద పుండు పడి చూపే పోవచ్చు. పచ్చదనం ఉన్నట్టుండి ఎక్కువైనా, జ్వరమో కడుపునొప్పో తోడైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చూపు బాగుంటే చాలన్న మాట ఇంకా ప్రమాదం. కొడవలిలా వంగిన కణాలు రెటీనా (కంటి లోపల వెనకవైపు, చూపునిచ్చే పొర) అంచుల్లోని సన్నటి రక్తనాళాలను మూసేస్తాయి. మనం చదివేదేమో రెటీనా మధ్యభాగంతో, అందుకే అంచులకు రక్తం అందకపోయినా పిల్లాడు చార్టులో చివరి లైను కూడా గడగడా చదివేస్తాడు. ఆ అంచుల్లో 'సీ ఫ్యాన్' అనే కొత్త నాళాలు పుడతాయి, అవి చిట్లితే కళ్ల ముందు ఈగలు ముసిరినట్టో తెర పడినట్టో ఉంటుంది, ఆ తర్వాత రెటీనా ఊడిపోనూవచ్చు. 1971లో గోల్డ్‌బర్గ్ అనే డాక్టరు దీన్ని ఐదు దశలుగా చెప్పారు, మొదటి మూడింట్లో రోగికి సాధారణంగా ఏమీ తెలియదు. అందుకే పదేళ్ల వయసు నుంచే చుక్కల మందు వేయించి, డాక్టరు తలకి లైటు పెట్టుకుని "పైకి చూడు, పక్కకి చూడు" అంటూ అంచులదాకా వెతికే పరీక్ష చేయించాలి. తర్వాత కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, అంతే. సీ ఫ్యాన్లు కొన్ని వాటంతటవే ఎండిపోతాయి, కొన్నిటికి లేజర్ కావాలి, ఏది ఏదో చూస్తేగానీ తెలియదు కదా!

ఈ జబ్బులో వచ్చే ఒంటినొప్పులు తక్కువని కూడా వదిలేయకండి. మన దగ్గర అరుదైన 'హిమోగ్లోబిన్ ఎస్‌సీ' అనే సికిల్ సెల్ రకం ఒంటిని తక్కువ బాధపెడుతుంది, కళ్లనే ఎక్కువ దెబ్బతీస్తుంది.

ఇక ట్రెయిట్. మామూలు రోజుల్లో నిజంగానే ఇబ్బంది ఉండదు. కానీ బంతో బిళ్లంగోడో తగిలి కంటి ముందుభాగంలో ఉండే నీటిలో రక్తం చేరితే, ఆక్సిజన్ తక్కువైన ఆ నీటిలో ట్రెయిట్ వాళ్ల కణాలు కూడా వంగి, నీరు బయటికి పోయే దారిని మూసేస్తాయి, కంట్లో ప్రెషర్ పెరిగి కంటినరం దెబ్బతింటుంది. ప్రెషర్ తగ్గించడానికి మామూలుగా వాడే అసిటజోలమైడ్ అనే మందు వీళ్లలో కణాలను ఇంకా వంచగలదు. కంటికి దెబ్బ తగిలితే అదే రోజు వెళ్లండి, డాక్టరు అడగకపోయినా ట్రెయిట్ ఉందని ముందే చెప్పండి.