సవరణ: ఫ్లోటింగ్ హోమ్ లోన్ మార్చుకుంటే పెనాల్టీ లేదు

హోమ్ లోన్ వేరే బ్యాంకుకు మార్చుకుంటే పాత బ్యాంకు మిగిలిన అసలు మీద 2 శాతం పెనాల్టీ వేస్తుందనీ, పాత కస్టమర్ల మీద బ్యాంకులకు లాభం దానితోనే అనీ మొన్న రాశాను. తప్పు రాశాను. ఫ్లోటింగ్ రేటు (అంటే మధ్యలో పెరుగుతూ తగ్గుతూ ఉండే వడ్డీ) హోమ్ లోన్లకు బ్యాంకులు ఈ పెనాల్టీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. నేను చూసింది మా బావగారి స్టేట్‌మెంట్. అది ఫిక్స్‌డ్ రేటు లోన్ అని పైనే ఉంది, నేనే చూసుకోలేదు.

మరి జనం ఎందుకు కదలరు? కొత్త బ్యాంకులో ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, ఇంటి వాల్యుయేషన్, మళ్ళీ తనఖా రిజిస్ట్రేషన్, లింక్ డాక్యుమెంట్ల (ఇంటి పాత దస్తావేజుల) కోసం తిరుగుడు. ఇదంతా ఎవరు పడతారులే అని పాత రేటుకే ఈఎంఐ కడుతుంటారు. కొత్తవాళ్ళకు తక్కువ రేటు చూపించి పాతవాళ్ళ దగ్గర ఎక్కువ మార్జిన్ ఉంచుకోవడం బ్యాంకుకు కుదిరేది ఈ బద్ధకం వల్లే (బద్ధకం అంటే అన్యాయమేమో, ఓపిక లేక అందాం).

కాగితాల టెన్షన్ మాత్రం కాస్త తగ్గింది. 2023 డిసెంబరు నుంచి, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఇంటి ఒరిజినల్ కాగితాలు ఇవ్వకుండా బ్యాంకే ఆలస్యం చేస్తే, రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు కట్టాలి.