సవరణ: పాత కెర్నల్ ఫోల్డర్‌ను మొత్తంగా చెరిపేయకండి

వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేశాక, డ్రైవర్ ఫైళ్లుండే లిబ్ మాడ్యూల్స్ కింద మిగిలిన పాత కెర్నల్ ఫోల్డర్లను "ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్"తో (లోపలున్నవాటితో సహా చెరిపే కమాండ్) తీసేయమని మొన్న రాశాను. అది తప్పు, దయచేసి అలా చేయకండి. అమీర్‌పేట ల్యాబుల్లో ఒక్కో ఉబుంటు మెషీన్‌లో రెండు మూడు కెర్నల్స్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రాములు) ఉండటం మామూలే, ఒక్కోదానికీ ఒక ఫోల్డర్ ఉంటుంది. వాడుకలో ఉన్నదాని ఫోల్డర్ పోతే, తర్వాత బూట్ చేసినప్పుడు వైఫై, సౌండ్ డ్రైవర్లు దొరకవు.

ముందు "యూనేమ్ మైనస్ ఆర్" కొట్టి, నడుస్తున్న కెర్నల్ నంబరు రాసుకోండి. తర్వాత ప్యాకేజీల జాబితా చూపే "డీపీకేజీ మైనస్ ఎల్"లో పాత ఫోల్డర్ మీదున్న కెర్నల్ నంబరు వెతకండి. వరుస మొదట్లో "ఐఐ" ఉంటే ఆ కెర్నల్ ఇంకా ఉన్నట్టే, దాని ఫోల్డర్ జోలికి పోవద్దు. "ఆర్‌సీ" ఉంటే తీసేసినట్టు.

పాత కెర్నల్ తీసేసేటప్పుడు "డైరెక్టరీ ఖాళీగా లేదు, తీసేయలేదు" అనే హెచ్చరిక ఎందుకొస్తుందంటే, ఆ కెర్నల్ ఫోల్డర్‌లో ఉండే మిస్క్ ఫోల్డర్‌లోని వీబాక్స్‌డీఆర్‌వీ.కేఓ లాంటి వర్చువల్‌బాక్స్ మాడ్యూళ్లు (కెర్నల్‌కు జోడించే డ్రైవర్ ఫైళ్లు) మీ మెషీన్‌లోనే కంపైల్ అయినవి. ఏ ప్యాకేజీ లెక్కలోనూ ఉండవు కాబట్టి ప్యాకేజీలు పెట్టే, తీసే ఆప్ట్ వాటిని ముట్టుకోదు. మాడ్యూళ్లను ఒక్కో కెర్నల్‌కు కంపైల్ చేసే డీకేఎంఎస్ పనిముట్టు ఇచ్చే "డీకేఎంఎస్ స్టేటస్"లో కనిపిస్తే మాత్రం చేత్తో చెరపకుండా "డీకేఎంఎస్ రిమూవ్" వాడండి.

ఫైలు చెరిపినంత మాత్రాన మెమరీలోని మాడ్యూల్ పోదు. వర్చువల్ మెషీన్లన్నీ ఆపి, మెమరీలోంచి మాడ్యూల్‌ను దించే "ఆర్ఎంమోడ్"తో ముందు వీబాక్స్‌నెట్‌ఏడీపీ, వీబాక్స్‌నెట్‌ఎఫ్ఎల్‌టీ దించాలి, వీబాక్స్‌డీఆర్‌వీ ఆఖరున. ఆ రెండూ దాని మీదే ఆధారపడతాయి, వరుస తప్పితే "వాడుకలో ఉంది" అని మొరాయిస్తుంది. చివర్లో మాడ్యూళ్ల జాబితాను తిరిగి తయారుచేసే "డెప్‌మోడ్ మైనస్ ఏ" కొట్టండి.

వర్చువల్‌బాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ వాడినవాళ్లు అదే మిస్క్‌లో దాని మాడ్యూళ్లు వీఎంమాన్, వీఎంనెట్ చూసుకోండి.