పూలకు లీడ్ ఎంత, లిఫ్ట్ ఎంత?

మట్టి ఎంత దూరం మోశారో లీడ్, ఎంత ఎత్తుకు లేపారో లిఫ్ట్. సర్కారు రేట్ల పట్టికలో మట్టి పనికి ఈ రెండూ చూసే బిల్లు కడతారు. బంతిపూలకు మాత్రం ఇంతవరకు రేటు లేదు. ఇంజనీర్లు ఇంత నిర్లక్ష్యంగా ఉంటే ఎలా? ఊళ్లోకి నాయకుడు వస్తున్నాడంటే, ఆయన మీద పూలు కురిపించడానికి ముందు బుక్కయ్యేది జేసీబీయే కదా!

రోడ్డుకు అటొకటి, ఇటొకటి నిలబెడతారు. ముందున్న బకెట్‌లో సుమారు ఒక క్యూబిక్ మీటరు మట్టి పడుతుంది. అందులో పూలరేకులు, వాటి మీద కండువాలతో ఇద్దరు కార్యకర్తలు. బకెట్‌లో మనుషుల్ని ఎక్కించకూడదన్నది ఈ పనిలో ఓనమాలు. అయినా వాళ్లు మనుషులు కాదు, కేడర్. పొద్దున పదింటికి రావాల్సిన నాయకుడు రెండు దాటినా రాడు. ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది, గంటల మీటరు తిరుగుతూనే ఉంటుంది. చివరికి కాన్వాయ్ కనబడగానే కింద నుంచి ఇరవై మంది ఒకేసారి ‘వెయ్’, ‘ఆగు’, ‘ఇప్పుడు కాదురా’ అని అరుస్తారు. ఎవరి మాట వినాలో తెలియక ఆపరేటర్ లివర్ కదుపుతాడు. రేకులన్నీ డీజే బండి మీద పడతాయి. నాయకుడి నెత్తిన మాత్రం బకెట్ అడుగున అంటుకున్న నిన్నటి మట్టిబెడ్డ! ఆయన నవ్వుతాడు, కెమెరాలున్నాయి మరి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆయనకు నడపాలనిపిస్తుంది. ఆపరేటర్‌ను దింపి సీట్లో కూర్చుంటాడు, హారన్ కొడతాడు. మర్నాడు పేపర్లో ‘స్వయంగా జేసీబీ నడిపిన నేత’. మెట్టు దగ్గర నిలబడ్డ ఆపరేటర్ ఫొటోలో మోచేతి వరకే ఉంటాడు.

ఆ సీట్లోంచి దింపింది ఎవరిని? బకెట్ ఎంత లోతు దిగిందో సీటు అదురును బట్టే చెప్పగల మనిషిని. రోడ్డుకు మట్టికట్ట వేసేటప్పుడు రోలరు తొక్కాక ఒక్కో పొర 20 సెంటీమీటర్లు మించకూడదు. పొర పొరనీ నీళ్లతో తడపాలి. ఇవన్నీ అతనికి తెలుసు. కాంట్రాక్టరేమో ‘మొత్తం ఒకేసారి తోసెయ్’ అంటాడు. ట్యాంకర్ రాదు. మొదటి వానకే కల్వర్టు పక్కన రోడ్డు కుంగితే తప్పు ఆపరేటర్‌ది! క్వారీలో గట్టు విరిగి క్యాబిన్ మీద పడితే పేపర్లో రెండు లైన్లు, ఒక్కోసారి పేరు కూడా వెయ్యరు. సిగ్గుండాలి.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేదు. చివరికి హర్యానా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఒక ఆపరేటర్, పోతే తన ఒక్కడి ప్రాణమే కదా అని జేసీబీని ఆ వరదలోకి తోలి, తొమ్మిది మందినీ వెనక్కి తెచ్చాడు. ఆ రోజు అతన్ని సీట్లోంచి దింపి ఫొటో దిగుతామని ఒక్క కండువా కూడా ముందుకు రాలేదు.